ప్రోత్సాహక యాత్రల పరిభాష

నిజామాబాదు నగరానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదు నుండి నాగపూరు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద ఆర్మూరు పట్టణం ఉన్నది. ఊరిని ఆనుకొని నవనాథ సిద్ధుల గుట్ట నిలిచి ఉంటుంది. తొమ్మిదిమంది సిద్ధులు తపస్సు చేసిన చోటు కాబట్టి ఆరు, మూడు కలిసి ‘ఆర్మూరు’ అయిందని స్థానికులు చెప్పుకొంటారు. పేరులోనే కూడిక దాగిన ఈ ఊరికి లెక్కలు కొత్త కావు. చుట్టుపక్కల గ్రామాలలో వానకాలపు ఆరంభంలో నాటిన పసుపును జనవరి నుండి మార్చి వరకు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్టుకు చేరుస్తారు. అక్కడ కొమ్ముకు ఒక ధర, మండకు ఒక ధర. అడ్తిదారు, ఖరీదుదారు, దడ్వాయి, హమాలీ, తరుగు, తక్‌పట్టీ అనే మాటలు అక్కడి గాలిలోనే ఉంటాయి. ఈ మాటలు తెలియని రైతు తన పంట పలికిన ధర ఎంతో, చేతికి అందిన సొమ్ము ఎంతో, ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడ పోయిందో చెప్పలేడు.

ఈ ప్రాంతానికి మరొక పదజాలం కూడ తెలుసు. అది గల్ఫు పదజాలం. వీసా, మెడికల్, ఇమ్మిగ్రేషన్, ఆజాద్ వీసా అనే మాటలు పదో తరగతి దాటని వారి నోట కూడ ఇక్కడ వినిపిస్తాయి. ఏజెంటు చెప్పిన మాటకు, చేతిలోని కాగితంలో ఉన్న మాటకు తేడా ఉన్నదని ఎడారి దేశంలో దిగిన తరువాత తెలుసుకొని నష్టపోయిన కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

ఇక మూడవ పదజాలం విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణాలకు చేరింది. “ఈసారి స్కీము ఏమిటి? టార్గెట్ ఎంత? టూర్ ఎక్కడికి?” అన్నవి వ్యాపారుల సంభాషణలో సాధారణమైన ప్రశ్నలు. నిర్ణీత మొత్తంలో సరుకు అమ్మిన వ్యాపారిని తయారీ సంస్థ తన ఖర్చుతో గోవాకో, బ్యాంకాక్‌కో పంపుతుంది. దీనినే ప్రోత్సాహక యాత్ర అంటారు. విత్తన పరిశ్రమలోనే కాక సిమెంటు, రంగులు, బీమా, వాహనాలు, సెల్‌ఫోన్లు, ఇలా ఎన్నో రంగాలలో ఈ పద్ధతి వ్యాపించింది. దీని చుట్టూ ఒక ప్రత్యేక వాణిజ్యం, దానికొక పరిభాష ఏర్పడ్డాయి. ఆ పరిభాషలోని ప్రతి మాట వెనుక ఒకటే ప్రశ్న ఉంటుంది: ఖర్చు ఎవరిది? అనుకున్నది జరగకపోతే నష్టం ఎవరిది?

ప్రోత్సాహక యాత్రకు చరిత్ర చెప్పేవారు సాధారణంగా అమెరికాతో మొదలుపెడతారు. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో ఉన్న నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ 1906లో అమ్మకాలలో ముందు నిలిచిన 70 మంది ఉద్యోగులకు వజ్రాలు పొదిగిన పిన్నులను ఇచ్చి, ప్రధాన కార్యాలయాన్ని చూసి వచ్చే ఉచిత యాత్రను బహూకరించింది. 1911లో విజేతలను న్యూయార్కు నగరానికి పంపింది. నగదు ఇస్తే అది ఇంటి ఖర్చులలో కలిసిపోతుంది. యాత్ర అయితే ఏళ్ల తరబడి జ్ఞాపకం ఉంటుంది, నలుగురిలో చెప్పుకోవడానికి పనికివస్తుంది. సంస్థలు ఈ మానవ స్వభావాన్ని నూరేళ్ల క్రితమే గ్రహించాయి.

యాత్రకు అర్హత పొందినవారిని ‘క్వాలిఫయర్’ అంటారు. అర్హతకు లెక్కించే కాలం ‘క్వాలిఫికేషన్ పీరియడ్’. లక్ష్యాన్ని మెట్లుమెట్లుగా విభజిస్తే ఒక్కొక్క మెట్టు ఒక ‘శ్లాబు’. ఉదాహరణకు, పది లక్షల రూపాయల సరుకు ఎత్తిన వ్యాపారికి గోవా, ఇరవై లక్షలు ఎత్తినవానికి బ్యాంకాక్, ముప్పై లక్షలు దాటితే దంపతులిద్దరికీ అవకాశం అని ఒక సంస్థ ప్రకటించిందనుకుందాం. ఇక్కడ ‘ఎత్తడం’ అనే మాటను జాగ్రత్తగా గమనించాలి. సంస్థ నుండి సరుకు దుకాణానికి దిగడం ఒకటి, దుకాణం నుండి రైతుకు చేరడం మరొకటి. మొదటిదానిని ‘ప్రైమరీ సేల్’, రెండవదానిని ‘సెకండరీ సేల్’ అని కొన్ని సంస్థలు వ్యవహరిస్తాయి. మొదటిదానికే యాత్ర ఇచ్చే పథకంలో వ్యాపారి అవసరానికి మించి సరుకు దింపుకొని, విమానం దిగి వచ్చేసరికి గోదాము నిండా అమ్ముడుపోని సీసాలతో మిగిలిపోవచ్చు.

‘ఉచితం’ అన్న మాటకు కూడ వివరణ కావాలి. వ్యాపార సంబంధం వలన కలిగే ప్రయోజనం ఏడాదికి 20,000 రూపాయలు మించితే, దాని విలువపై పది శాతం పన్నును మూలంలోనే మినహాయించాలని 194ఆర్ అనే విభాగాన్ని ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. ఇది 2022 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. లక్ష్యాన్ని సాధించినవారికి ఇచ్చే యాత్రలు కూడ దీని పరిధిలోకి వస్తాయని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు అదే ఏడాది జూన్‌లో వెలువరించిన సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. బహుమతి వస్తు రూపంలో, సేవల రూపంలో ఉన్నప్పుడు అందులో నుండి పన్ను కోసి పెట్టడం సాధ్యం కాదు గనుక, పన్ను చెల్లింపు జరిగినదని నిర్ధారించుకొన్న తరువాతనే దానిని అందజేయాలి. ఎనభై వేల రూపాయల విలువైన ‘ఉచిత’ యాత్రకు ఆ లెక్కన ఎనిమిది వేలు ముందే ఖజానాకు చేరాలన్న మాట.

ఈ వాణిజ్యం మొత్తానికి ‘మైస్’ అనే సంక్షిప్త నామం ఉన్నది. సమావేశాలు, ప్రోత్సాహక యాత్రలు, సదస్సులు, ప్రదర్శనలు అనే నాలుగింటి ఆంగ్ల నామాల మొదటి అక్షరాలను కలిపి దీనిని రూపొందించారు. ఆంగ్లంలో ఈ మాటకు ఎలుకలు అనే అర్థం ఉండటం వలన కాబోలు, ఇటీవల కొన్ని దేశాలవారు దీనిని వదిలి ‘బిజినెస్ ఈవెంట్స్’ అంటున్నారు. తెలుగునాట ఈ రంగానికి ఊపు వచ్చినది 2006లో హైదరాబాదులో అంతర్జాతీయ సమావేశ కేంద్రం ప్రారంభమైన తరువాతనే. ఆ ఏడాది మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ, 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల పదకొండవ సమావేశం, 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అదే కేంద్రంలో జరిగాయి. ఇంత పెద్ద సభను నిర్వహించే సంస్థకు ‘పి.సి.ఓ.’ అని పేరు. వృత్తిపరమైన సదస్సు నిర్వాహకుడు అని దాని అర్థం. అందరూ ఒకేచోట కూర్చునే సభ ‘ప్లీనరీ’. చిన్న చిన్న బృందాలుగా విడిపోయి చర్చించుకునేవి ‘బ్రేక్ అవుట్’ సమావేశాలు.

విందు వినోదాలను వర్ణించే మాటల కన్న హోటల్ ఒప్పందంలోని మాటలు ముఖ్యమైనవి. ఆర్మూరు పరిసరాలకు చెందిన 40 మంది వ్యాపారులను ఒక సంస్థ ఫిబ్రవరి నెలలో మూడు రాత్రులు గోవాలో ఉంచదలచిందనుకుందాం. గదికి ఇద్దరు చొప్పున ఉంటే దానిని ‘ట్విన్ షేరింగ్’ అంటారు. అప్పుడు 20 గదులు కావాలి. ఇరవై గదులు మూడు రాత్రులకు 60 ‘రూమ్ నైట్లు’ అవుతాయి. హోటళ్లవారు మనుషులను కాక రూమ్ నైట్లను లెక్కిస్తారు. ఈ గదులను ముందుగా పట్టి ఉంచడం ‘రూమ్ బ్లాక్’. ఎవరెవరు ఏ గదిలో ఎవరితో ఉంటారో తెలిపే జాబితా ‘రూమింగ్ లిస్ట్’. తనకు తోడు వద్దు, ఒంటరిగా ఉంటాననే వ్యక్తి చెల్లించవలసిన అదనపు మొత్తం ‘సింగిల్ సప్లిమెంట్’. గురక పెట్టేవారితో ఎవరిని కలపాలన్నది ఏ ఒప్పందంలోనూ ఉండదు. ఆ చిక్కును యాత్రా నిర్వాహకుడే తీర్చుకోవాలి.

పట్టి ఉంచిన గదులను ఏ తేదీలోగా ఖాయం చేయాలో ఆ తేదీని ‘కట్ ఆఫ్ డేట్’ అంటారు. అది దాటితే ఖాయం చేయని గదులను హోటలు ఇతరులకు ఇచ్చుకోవచ్చు. వస్తామని చెప్పి, సెలవు కూడ పుచ్చుకోకుండ రానివారిని ‘నో షో’ అంటారు. వారి గదికి అద్దె చెల్లించవలసి వస్తుంది. అన్నిటికన్న చిక్కైన మాట ‘అట్రిషన్’. దీనికి పసుపు మార్కెట్టులోనే చక్కని తెలుగు మాట ఉన్నది. అది ‘తరుగు’. మార్కెట్టులో తూకం నుండి కోసివేసే భాగాన్ని తరుగు అంటారు. ఆ మాట వింటేనే రైతుకు కోపం వస్తుంది. హోటల్ ఒప్పందంలో తరుగు మాత్రం గదులు కొన్నవారికే రక్షణ. ఒప్పుకున్న గదులలో ఎంత శాతం వరకు తగ్గినా అపరాధ రుసుము ఉండదో అది చెబుతుంది.

పై ఉదాహరణలో పది శాతం తరుగుకు హోటలు అంగీకరించిందనుకుందాం. అప్పుడు 60 రూమ్ నైట్లలో 6 తగ్గినా ఇబ్బంది లేదు. 54కు తప్పక సొమ్ము చెల్లించాలి. ఫిబ్రవరి నెల పసుపు ఉడికించే కాలం. ఎనిమిదిమంది వ్యాపారులకు సొంత సేద్యం కూడ ఉండి, పంట వదిలి రాలేమన్నారు. మిగిలినవారు 32 మంది, 16 గదులు, 48 రూమ్ నైట్లు. ఇంకా ఆరింటికి లోటు పడింది. రాత్రికి గది అద్దె 4,000 రూపాయలైతే, ఎవరూ నిద్రించని గదులకు 24,000 రూపాయలు చెల్లించాలి. ఆర్మూరు సేద్యపు పంచాంగం తెలిసిన నిర్వాహకుడు ఈ యాత్రను ఫిబ్రవరిలో పెట్టడు; పెట్టక తప్పకపోతే తరుగును ఇరవై శాతానికి అడిగి ఒప్పించుకుంటాడు. అప్పుడు లెక్క సరిగ్గా 48 దగ్గర ఆగుతుంది, సంస్థకు పైసా నష్టం ఉండదు. యాత్రా నిర్వహణలో ఉద్యోగాలకు వెళ్లే యువతీయువకులు మొట్టమొదట నేర్చుకోవలసినవి ఇటువంటి లెక్కలే.

భోజనాలకు సంబంధించి నాలుగు పొడి అక్షరాల మాటలు ఉన్నాయి. గది మాత్రమే ఇస్తే ‘ఇ.పి.’, ఉదయపు ఫలహారం కలిపితే ‘సి.పి.’, దానితోపాటు మధ్యాహ్నం గాని రాత్రి గాని ఒక పూట భోజనం చేరితే ‘ఎమ్.ఎ.పి.’, మూడు పూటలా పెడితే ‘ఎ.పి.’. ఉద్యోగ కార్యం మీద వెళ్లినవారికి రోజు ఖర్చుకు ఇచ్చే సొమ్మును ‘పర్ డియమ్’ అంటారు. మనకు బత్తెం అనే పాత మాట ఉండనే ఉన్నది.

విమాన ప్రయాణానికి వస్తే, సాధారణంగా పదిమంది లేదా అంతకు మించి కలిసి ప్రయాణిస్తే దానిని ‘గ్రూపు బుకింగ్’గా పరిగణిస్తారు. ప్రయాణికులను ‘ప్యాక్స్’ అని పిలవడం ఈ వృత్తిలో పరిపాటి. ప్రయాణ వివరాలన్నీ దాగి ఉండే ఆరక్షరాల సంకేతం ‘పి.ఎన్.ఆర్.’. అంతర్జాతీయ ప్రయాణంలో టికెట్టు మీది పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవాలి. ఇక్కడ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మన ఇంటిపేరు ముందు వస్తుంది. తరచు ఒక పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వేరే గడిలో ఉంటుంది. దుకాణపు బోర్డు మీద ఉన్న పేరును జాబితాలో రాసి పంపితే విమానాశ్రయంలో తలుపు దగ్గరే ఆపివేస్తారు. గల్ఫుకు వెళ్లి వచ్చినవారున్న ఇంట్లో ఈ సంగతి పిల్లలకు కూడ తెలుసు. శంషాబాదు విమానాశ్రయంలో కూలి పనికి వెళ్లేవానికీ, బహుమతి యాత్రకు వెళ్లేవానికీ ఒకటే వరుస. ఇద్దరి చేతుల్లోని కాగితాలను అధికారి ఒకే కంటితో చదువుతాడు.

పరాయి ఊరిలో దిగిన బృందానికి బస్సులు, గైడ్లు, భోజనాలు ఏర్పాటు చేసే స్థానిక సంస్థను ‘డి.ఎమ్.సి.’ అంటారు. గమ్యస్థాన నిర్వహణ సంస్థ అని తెలుగు చేయవచ్చు. దూరపు ఊరి ఖరీదుదారుకు ఇక్కడి అడ్తిదారు ఎటువంటివాడో, దూరపు ఊరి యాత్రా సంస్థకు ఇది అటువంటిది. ఈ సంస్థ చెప్పే ధరలు రెండు విధాలు. అందులో మధ్యవర్తి కమీషను కలిసి ఉంటే ‘కమీషనబుల్ రేటు’, కలవకపోతే ‘నెట్ రేటు’. నెట్ రేటు మీద ఎంత కలిపి చెప్పాలో మధ్యవర్తి ఇష్టం. ఆ కలిపినదానిని ‘మార్క్ అప్’ అంటారు. హోటలువారు గోడ మీద ప్రకటించే పూర్తి ధర ‘ర్యాక్ రేటు’. తెలిసినవారెవరూ ఆ ధర చెల్లించరు.

‘ఫామ్ ట్రిప్’ అనే మరొక మాట ఆర్మూరువాసులను తికమక పెట్టగలదు. వినగానే పొలాల సందర్శన అనిపిస్తుంది. నిజానికి అది పరిచయ యాత్ర. ఒక ప్రదేశాన్ని తరువాత తమ ఖాతాదారులకు అమ్మగలరన్న ఆశతో యాత్రా ఏజెంట్లను ముందుగా తీసుకువెళ్లి చూపడం. పొలాలను చూడటానికి వచ్చే అసలైన యాత్రలు ఆర్మూరు పక్కనే ఉన్న అంకాపూర్ గ్రామానికి జరుగుతుంటాయి. విత్తన శుద్ధికి, ఎర్రజొన్నకు పేరుపొందిన ఆ ఊరిని చూసి నేర్చుకొందామని రైతు బృందాలు వస్తాయి. ఇటువంటి వాటిని వ్యవసాయ శాఖ పరిభాషలో ‘ఎక్స్‌పోజర్ విజిట్’ అంటారు. ‘ఆత్మ’ అనే వ్యవసాయ సాంకేతిక యాజమాన్య సంస్థ పథకంలో రైతులను జిల్లా లోపలికి, ఇతర జిల్లాలకు, ఇతర రాష్ట్రాలకు తీసుకువెళ్లే ఏర్పాటు ఉన్నది. వచ్చినవారు అంకాపూర్ నాటుకోడి కూర తిని వెళ్లడం ఏ ప్రణాళికలోనూ రాయకపోయినా తప్పక జరిగే కార్యక్రమం.

ఒప్పందాల చివరి పుటలో చిన్న అక్షరాలలో ‘ఫోర్స్ మెజ్యూర్’ అనే నిబంధన ఉంటుంది. మానవ ప్రయత్నానికి లొంగని విపత్తు అని అర్థం. 2020 మార్చి వరకు దానిని చదివినవారు తక్కువ. కరోనా వ్యాధి కారణంగా ఆ నెల చివరి వారంలో విమానాలు ఆగిపోయాయి. క్రమబద్ధమైన అంతర్జాతీయ విమాన సర్వీసులు మన దేశంలో తిరిగి మొదలైనది 2022 మార్చి 27న. ఈ మధ్యకాలంలో చెల్లించిన సొమ్ము తిరిగి వస్తుందా రాదా అన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2020 అక్టోబరు 1న వెలువడిన తీర్పు వలన ‘క్రెడిట్ షెల్’ అనే కొత్త మాట సామాన్యులకు కూడ పరిచయమైంది. రద్దయిన టికెట్టు సొమ్మును, తరువాతి ప్రయాణానికి వాడుకొనేలా విమాన సంస్థ వద్ద జమగా ఉంచడమే క్రెడిట్ షెల్.

ఇప్పటి వరకు చెప్పిన లెక్కలన్నీ సంస్థకు, వ్యాపారికి, హోటలుకు మధ్య జరిగేవి. ఈ గొలుసులో ఇంకొక మనిషి ఉన్నాడు. ఆయన పేరు రూమింగ్ లిస్టులో ఉండదు. పసుపు తోటలో దుంపకుళ్లు కనిపించగానే ఆయన వాడిన మొక్కను పీకి చేతపట్టుకొని దుకాణానికి వస్తాడు. “సేటూ, దుంప కుళ్లుతున్నది, ఏం మందు కొట్టాలె?” అని అడుగుతాడు. రైతుకు మొదటి సలహాదారు దుకాణదారుడేనన్న వాస్తవాన్ని ప్రభుత్వ సంస్థలే గుర్తించాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ అనే జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ 2003లో ఇటువంటి వ్యాపారుల కోసమే ‘డేసి’ అనే ఏడాది డిప్లొమాను ప్రారంభించింది. శాస్త్రీయంగా సలహా చెప్పడం ఆ శిక్షణ ఉద్దేశం.

శిక్షణ పొందిన వ్యాపారి ముందు కూడ, శ్లాబు ముగియడానికి పదిహేను రోజులే గడువు ఉండి, రెండు లక్షల రూపాయల సరుకు తక్కువ పడినప్పుడు, ఆ రైతు నిలబడి ఉంటాడు. బీరువాలో రెండు మందులు ఉంటాయి. ఒకటి సరిపోతుంది, చవక. మరొకటి యాత్ర లెక్కలోకి వస్తుంది. లేదా నీరు నిలవకుండ కాలువ తీయమని చెప్పి, ఏ మందూ అమ్మకుండ పంపవచ్చు. వ్యాపారి లాభం కోసమే అంగడి తెరిచాడన్నది దాపరికం లేని సంగతి. అందులో తప్పు లేదు. చిక్కంతా రైతుకు ఆ పథకం సంగతి తెలియకపోవడంలోనే ఉన్నది. యాత్రకు అయ్యే ఖర్చు చివరకు సీసా ధరలోనే ఎక్కడో కలిసి ఉంటుంది, కాని ఏ రసీదులోనూ కనిపించదు.

వైద్య వృత్తిలో ఇదే చిక్కు ఎదురైనప్పుడు భారత వైద్య మండలి 2009 డిసెంబరులో తన ప్రవర్తనా నియమావళిని సవరించింది. విహారానికి గాని, సదస్సుకు ప్రతినిధిగా వెళ్లడానికి గాని మందుల కంపెనీల నుండి విమానం, రైలు, ఓడ టికెట్లను వైద్యులు తమకు గాని తమ కుటుంబానికి గాని స్వీకరించరాదని నిషేధించింది. 2024 మార్చిలో ఔషధ శాఖ ప్రకటించిన మార్కెటింగ్ నియమావళి అదే సంగతిని కంపెనీల వైపు నుండి చెప్పింది. సదస్సులో ప్రసంగించే వైద్యులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రోగికి, వైద్యునికి మధ్య ఉన్న నమ్మకాన్ని దృష్టిలో ఉంచుకొని గీసిన గీత అది. వాడిన పసుపు మొక్కను చేతపట్టుకొని వచ్చిన రైతు కూడ అటువంటి నమ్మకంతోనే దుకాణం మెట్లు ఎక్కుతాడు. తక్‌పట్టీలోని ప్రతి కోతను వేలు పెట్టి అడగడం ఆర్మూరు రైతుకు అలవాటే. “ఈ మందు మీద స్కీము ఏమన్న ఉన్నదా, సేటూ?” అని అడగడం అంతకన్న కష్టమైన పని కాదు.